మెదడు, జన్యువులు, తల్లి మీద నింద

(హనుమకొండలో మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు ఇచ్చిన ఉపన్యాస పాఠం)



జన్యువుల గురించి, మెదడు గురించి మాట్లాడటం డాక్టర్ల సభలో చేయాల్సిన పని కదా, మహిళా కార్యకర్తల తరగతిలో ఎందుకు అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. మీ దగ్గరకు వచ్చే కేసులను ఒకసారి గుర్తు చేసుకోండి. బిడ్డకు ఏడాది దాటినా మెడ నిలవలేదని, మూడేళ్లొచ్చినా మాట రాలేదని, తల చిన్నగా ఉందని, మూర్ఛలు వస్తున్నాయని తల్లినీ బిడ్డనూ కలిపి పుట్టింటికి పంపించేసిన కేసులు ఎన్ని లేవు? "మా ఇంటా వంటా ఇట్లాంటిది లేదు, ఇది దాని కడుపున పుట్టిన రోగం" అని పంచాయితీలో కుండబద్దలు కొట్టినట్లు చెప్పే అత్తింటివాళ్లను మీరందరూ చూసే ఉంటారు. ఆ మాట అడ్డం పెట్టుకొనే రెండో పెళ్లి జరుగుతుంది. ఆ మాట అడ్డం పెట్టుకొనే భరణం ఎగ్గొడతారు.

అటువంటప్పుడు మనం చట్టం గురించి మాట్లాడతాం, మానవత్వం గురించి మాట్లాడతాం. కాని "లోపం ఆమెది" అన్న అసలు మాటను మాత్రం చాలాసార్లు వదిలేస్తాం. అది డాక్టర్లకు సంబంధించిన విషయమనుకుంటాం. ఆ తల్లి కూడా లోలోపల దాన్ని నమ్ముతూనే ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నానో, ఏ గ్రహణం నాడు బయటికి వచ్చానో, ఎవరి ఉసురు తగిలిందో అని లెక్కలు వేసుకుంటూ కుమిలిపోతుంది. అందుకే ఈ రోజు ఆ ఒక్క మాటనే పట్టుకుందాం. మెదడు నిర్మాణంలో జన్యువుల పాత్ర ఎంత? అందులో తల్లిది ఎంత, తండ్రిది ఎంత? జన్యువు చెప్పిందే చివరి మాటా?

విత్తనం, క్షేత్రం

మగవాడు విత్తనం, ఆడది క్షేత్రం అన్న మాట మన సమాజంలో ఎంత పాతదో మీకు తెలుసు. స్మృతుల నుంచి సామెతల దాకా అన్నిటా అదే. పంట విత్తనానిది కనుక బిడ్డ తండ్రి వంశానికి చెందుతుంది, ఇంటిపేరు తండ్రిది, ఆస్తి ఆ వైపుది. బిడ్డ చురుగ్గా ఉంటే "వాళ్ల తాత పోలిక" అంటారు. బిడ్డకు ఏదైనా తేడా ఉంటే మాత్రం హఠాత్తుగా విత్తనం సంగతి మరిచిపోయి క్షేత్రాన్ని తప్పుపడతారు. మెప్పు విత్తనానికి, నింద నేలకు. ఈ లెక్క పితృస్వామ్యానికి ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కర లేదు.

జీవశాస్త్రం ఈ లెక్కను ఎప్పుడో కొట్టివేసింది. స్త్రీ అండంలో 23 క్రోమోజోములు, పురుషుడి వీర్యకణంలో 23 క్రోమోజోములు ఉంటాయి. రెండూ కలిస్తేనే 46 క్రోమోజోముల మొదటి కణం. అంటే విత్తనం ఇద్దరిదీ. నిజం చెప్పాలంటే తల్లి వాటాయే కాస్త ఎక్కువ. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో కూడా కొద్దిపాటి జన్యువులున్నాయి. అవి తల్లి నుంచే వస్తాయి. ఆడపిల్లలు పుడుతున్నారని భార్యను వేధించేవాళ్లకు చెప్పాల్సిన జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎక్స్ గాని వై గాని ఇచ్చేది తండ్రి. లింగ నిర్ధారణ ఇలా జరుగుతుందని 1905లో పురుగుల మీద పరిశోధించి చూపించిన శాస్త్రవేత్తల్లో నెట్టీ స్టీవెన్స్ అనే స్త్రీ ఒకరు.

మెదడు ఎలా కట్టుకుంటుంది?

మనిషి కణంలో ప్రొటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000. వాటిలో సగానికి పైగా ఏదో ఒక దశలో మెదడులో పనిచేస్తాయి. మెదడుకు ఇన్ని జన్యువులు కావాలి కనుకనే, ఎక్కడ చిన్న తేడా వచ్చినా మెదడు మీద ప్రభావం పడే అవకాశం ఎక్కువ.

కాని ఇంకో లెక్క చూడండి. మెదడులో నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. ఒక్కో కణానికి మిగతా వాటితో వేల సంబంధాలు. ఇన్ని కోట్ల కోట్ల సంబంధాల్లో ఏది ఎక్కడ ఉండాలో 20,000 జన్యువులు విడివిడిగా రాసి పెట్టలేవు. మరి ఎలా? మనం వేసే చుక్కల ముగ్గును తలచుకోండి. "11 చుక్కలు, సందు చుక్క, 1 వచ్చేదాకా" అని ఒక్క మాట చెబితే చాలు, వాకిలి నిండా ముగ్గు పరుచుకుంటుంది. ప్రతి గీతనూ ఎవరూ రాసి ఇవ్వలేదు. జన్యువులు చేసేది కూడా అలాంటి పనే. కణం ఎప్పుడు రెండుగా చీలాలి, ఏ వైపు నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎవరితో చేయి కలపాలి అన్న నియమాలు అవి ఇస్తాయి. నియమం ఒకటే అయినా, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, పిండి తక్కువైనా, వాన చినుకు పడినా ముగ్గు మారుతుంది. అందుకే ఒకే జన్యువులున్న కవలల మెదళ్లు కూడా అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉండవు.

ఇక కట్టుబడి వరుస చూద్దాం. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే పిండం వీపు మీద ఒక పొర మడతపడి గొట్టంలా మూసుకుంటుంది. దాన్ని నాడీనాళం అంటారు. మెదడూ వెన్నుపామూ అందులోంచే వస్తాయి. అది మూసుకునేనాటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఆ తరువాత అయిదో నెల దాకా నాడీకణాలు లక్షల్లో పుడుతూ ఉంటాయి. పుట్టినచోటు నుంచి పై పొరలకు ప్రయాణం చేస్తాయి. చేరాల్సిన చోటికి చేరాక ఒకదానితో ఒకటి సంబంధాలు ఏర్పరచుకుంటాయి. ఈ చివరి పని పుట్టిన తరువాత కూడా ఏళ్ల తరబడి సాగుతుంది. బిడ్డ వినే మాట, తినే తిండి, పొందే ముద్దుమురిపెం అన్నీ అందులో భాగమవుతాయి.

జన్యువు తప్పితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను. ఎ.ఎస్.పి.ఎం. అనే జన్యువు కణం సరిగ్గా రెండుగా చీలడానికి తోడ్పడుతుంది. దాని రెండు ప్రతులూ చెడితే కణాల సంఖ్య తగ్గి, మెదడు చిన్నదిగా ఏర్పడుతుంది, తల కూడా చిన్నదిగా ఉంటుంది. బ్రిటన్‌లోని శాస్త్రవేత్తలు పాకిస్తాన్ మూలాలున్న కుటుంబాలను పరిశీలించి 2002లో ఈ జన్యువును గుర్తించారు. రెండోది 1993లో గుర్తించిన లిస్-1. ఇది కణాల ప్రయాణానికి కావలసిన జన్యువు. ఇది చెడితే కణాలు పై పొరకు చేరలేక దారిలోనే ఆగిపోతాయి. మెదడు మీద ఉండాల్సిన ముడతలు ఏర్పడక నున్నగా మిగిలిపోతుంది. ఆ పిల్లలకు తీవ్రమైన మూర్ఛలు వస్తాయి.

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని, బొప్పాయి పండుకూ దీనికీ సంబంధం లేదని మనం ఆ తల్లులకు ధైర్యంగా చెప్పవచ్చు.

ఎవరి వాటా ఎంత?

జన్యువుల వల్ల వచ్చే మెదడు సమస్యలన్నీ ఒకే దారిన రావు. కార్యకర్తలుగా మనకు నాలుగు దారులు తెలిస్తే చాలు.

మొదటిది, ఇద్దరి నుంచీ వచ్చేది. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది బాగుంటే మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. అలాంటివారిని వాహకులంటారు. నిజానికి మనలో ప్రతి ఒక్కరమూ ఏదో ఒక జన్యువుకు వాహకులమే. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యువుకు వాహకులైనప్పుడే, ఇద్దరి నుంచీ చెడిన ప్రతే అందినప్పుడే బిడ్డకు జబ్బు వస్తుంది. ఎ.ఎస్.పి.ఎం. ఇలాంటిదే. తండ్రి వాటా లేకుండా ఈ జబ్బు రానే రాదు. "మా ఇంటా వంటా లేదు" అన్న మాటకు ఇక్కడ విలువే లేదు. వాహకుల ఇంట్లో తరతరాలుగా ఎవరికీ ఏమీ కనిపించకపోవచ్చు.

ఇది ఊళ్లో చెప్పడానికి రెండు రూపాయి బిళ్లలు చాలు. ఒకటి భార్య చేతికి, ఒకటి భర్త చేతికి ఇచ్చి ఎగరేయమనండి. రెండూ బొరుసు పడితేనే జబ్బు. అంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. "ఒక బిడ్డకు వచ్చింది కదా, ఇక ముగ్గురికి రాదు" అని కొందరనుకుంటారు. అది నిజం కాదు. బిళ్ల ప్రతిసారీ కొత్తగానే పడుతుంది.

రెండోది, ఎవరి నుంచీ రానిది. అండంలోనో వీర్యకణంలోనో అప్పటికప్పుడు కొత్తగా ఏర్పడే మార్పు ఇది. లిస్-1 కేసుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. తల్లిదండ్రులిద్దరినీ పరీక్షిస్తే ఇద్దరిలోనూ అది కనిపించదు. ఇలాంటి కొత్త మార్పులు తండ్రి వయసుతోపాటు పెరుగుతాయని ఐస్‌లాండ్ కుటుంబాల మీద జరిగిన పరిశోధన 2012లో తేల్చింది. తండ్రి వయసు ఒక ఏడాది పెరిగితే బిడ్డకు అందే కొత్త మార్పులు సుమారు రెండు పెరుగుతాయి. వాటిలో చాలావరకు హాని చేయనివే. కాని నలభై దాటిన వరుడికి ఇరవై ఏళ్ల పిల్లను చూసేవాళ్లు పిల్ల ఆరోగ్యం గురించి మాత్రమే ఎందుకు ఆరా తీస్తారో అడగాలి కదా!

మూడోది, ఎక్స్ క్రోమోజోము మీద ఉండే జన్యువులు. ఫ్రజైల్ ఎక్స్ జబ్బు ఇందుకు ఉదాహరణ, దాని జన్యువును 1991లో గుర్తించారు. తల్లికి రెండు ఎక్స్‌లు ఉంటాయి కనుక ఆమె మీద ప్రభావం తక్కువ. కొడుక్కి ఒకటే ఎక్స్, అది తల్లిదే, కనుక అతడి మీద ప్రభావం ఎక్కువ. ఇక్కడ జన్యువు తల్లి నుంచే వచ్చింది, నిజమే. అయినా తప్పు ఆమెది ఎలా అవుతుంది? ఆమెకు అది తన తండ్రి నుంచి వచ్చి ఉండవచ్చు, తల్లి నుంచి వచ్చి ఉండవచ్చు. ఎవరూ జన్యువును ఏరి ఇవ్వరు, ఏరి తీసుకోరు. తల్లి నుంచి వచ్చిందని తేలిన కేసుల్లో మనం మరింత గట్టిగా నిలబడాలి. "తల్లిది కాదు కాబట్టి నింద తప్పు" అని వాదిస్తే, తల్లిదని తేలిన రోజున మన వాదన కూలిపోతుంది. జన్యువు ఎవరిదైనా నేరం ఎవరిదీ కాదన్నదే మన వాదన కావాలి.

నాలుగోది, క్రోమోజోముల సంఖ్యలో తేడా. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుంది. తల్లి వయసు 35 దాటాక ఈ అవకాశం పెరుగుతుంది. అయితే కాన్పులు ఎక్కువగా చిన్న వయసులోనే జరుగుతాయి కనుక, డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకే పుడతారు. ఈ అదనపు క్రోమోజోమును కనిపెట్టిన కథ కూడా మనం తెలుసుకోదగినదే. పారిస్‌లో కణాలను పెంచి, 47 క్రోమోజోములను చూపిన ప్రయోగశాల పని చేసింది మార్త్ గోతియే అనే డాక్టరమ్మ. 1959లో పత్రం అచ్చయినప్పుడు మొదటి పేరు జెరోమ్ లెజూన్‌ది. ఆమె పేరు రెండోది, అది కూడా సరిగా అచ్చుకాలేదు. కీర్తి అంతా ఆయనకే దక్కింది. 2014లో ఫ్రాన్సు వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం, ఆ ఆవిష్కరణలో గోతియే పాత్రకు తగిన గుర్తింపు దక్కాలని చెప్పింది. బిడ్డ లోపానికి స్త్రీని ముందుంచి, ఆ లోపాన్ని వివరించిన విజ్ఞానంలో స్త్రీని వెనక్కి నెట్టడం ఒకే నాణేనికి రెండు వైపులు.

మేనరికం మాట

మన ప్రాంతంలో ఈ చర్చ మేనరికం దగ్గరకు రాకుండా ఉండదు. అక్క బిడ్డను చేసుకోవడం, మేనబావకు ఇవ్వడం మన దగ్గర మామూలే. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి బంధువుల మధ్య జరిగినవే. తెలంగాణలో ఆ సంఖ్య దానికన్నా తక్కువ, అయిదో వంతుకు దగ్గరగా ఉంది. ముప్పై ఏళ్ల కిందటితో పోలిస్తే ఇది తగ్గుతూ వస్తోంది.

మేనబావ, మేనమరదళ్ల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడళ్లకు నాలుగో వంతు. ఇద్దరూ ఒకే జన్యువుకు వాహకులయ్యే అవకాశం అందుకే పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? ఏ దంపతులకైనా పుట్టే నూరుమంది పిల్లల్లో ఇద్దరికో ముగ్గురికో పుట్టుకతో తీవ్రమైన సమస్య ఉండవచ్చు. మేనబావ, మేనమరదళ్ల పెళ్లిలో దానికి ఇంకో ఇద్దరో ముగ్గురో కలుస్తారు. మేనమామ పెళ్లిలో ఇంకా కొంత ఎక్కువ. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ప్రమాదం లేదనడం తప్పు, మేనరికం చేసుకుంటే పిల్లలు తప్పక ఇలాగే పుడతారని భయపెట్టడమూ తప్పే.

అసలు అన్యాయం ఎక్కడుందంటే, ఆ పెళ్లిని పెద్దలు కుదురుస్తారు. ఆస్తి చెదరకూడదనో, కట్నం తగ్గుతుందనో, పిల్ల మన కళ్లముందుంటుందనో కారణాలు చెబుతారు. పద్దెనిమిదేళ్లు నిండీ నిండని పిల్లను ఎవరూ అడగరు. తీరా బిడ్డకు సమస్య వచ్చాక డాక్టరు "మేనరికమా?" అంటారు. ఆ మాట కూడా తిరిగి కోడలి మెడకే చుట్టుకుంటుంది. ఒక్క నిమిషం ఆలోచించండి. మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకు ఆ అత్తగారు సొంత మేనత్త. భార్యాభర్తల ఉమ్మడి పెద్దలు అత్తగారి తల్లిదండ్రులే. ఇలాంటి పెళ్లిలో జన్యువు చాలావరకు ఆ ముసలివాళ్లలో ఒకరి దగ్గర నుంచి బయలుదేరి, కూతురి ద్వారా మనవడికీ, కొడుకు ద్వారా మనవరాలికీ చేరి ఉంటుంది. ఒకే కుండలో నీళ్లు రెండు చెంబుల్లో పోసి, ఒక చెంబు మంచిది, ఒక చెంబు చెడ్డది అన్నట్లుంటుంది ఈ నింద. ఇక అత్తగారిని నిందించమని దీని అర్థం కాదు. ఆమె కూడా ఒకనాడు కోడలే.

ఇంకో మాట. భార్యను వదిలి ఆ మగవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే జన్యువు ఇంట్లోనే ఉండిపోదు, అతనితోపాటే పోతుంది. మళ్లీ బంధువుల్లోనే చేసుకుంటే అదే ప్రమాదం ఎదురు చూస్తుంటుంది. "రెండో పెళ్లి చేస్తే వంశం బాగుపడుతుంది" అన్న మాటకు పంచాయితీలో ఈ జవాబు చెప్పండి.

మేనరికం ఒక్కటే కాదు, కులంలోపలి పెళ్లిళ్లు కూడా ఇందులో భాగమే. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్నవని తేలింది. అలాంటి సమూహాల్లో బంధుత్వం తెలియని ఇద్దరు కూడా ఒకే జన్యువుకు వాహకులు కావచ్చు. కులాంతర వివాహాలను మనం సమానత్వం కోసం సమర్థిస్తాం. అది చాలు. కాని "రక్తం శుద్ధి" గురించి మాట్లాడేవాళ్లకు ఈ లెక్క చూపించడంలో తప్పులేదు.

ఆడ మెదడు, మగ మెదడు

జన్యువుల పేరు చెప్పి మన మీద వేసే నింద ఇంకొకటి ఉంది. స్త్రీల మెదడు చిన్నదని, లెక్కలకూ రాజకీయాలకూ పనికిరాదని. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో బ్రోకా వంటివారు మెదళ్లను తూకం వేసి మరీ ఈ మాట చెప్పారు. సగటున పురుషుల మెదడు బరువు ఎక్కువ, నిజమే. వాళ్ల శరీరం కూడా పెద్దదే. బరువుతో తెలివి కొలిచేట్లయితే ఏనుగే మనందరికీ పాఠాలు చెప్పాలి. 2015లో డాఫ్నా జోయెల్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త, తన బృందంతో కలిసి 1,400కు పైగా మెదళ్ల స్కానింగ్ చిత్రాలను పరిశీలించింది. సగటుల్లో తేడాలున్నా, ఒక్కొక్క మెదడును తీసుకుంటే అన్ని భాగాలూ "మగ" వైపో, అన్నీ "ఆడ" వైపో ఉన్న మెదళ్లు చాలా తక్కువని, ఎక్కువ మెదళ్లు రెండిటి కలబోత అని తేల్చింది.

తెలివికి ఒక జన్యువు ఉందని, అది కొన్ని కులాల్లోనే ఉందని అనేవాళ్లకు కూడా జవాబుంది. 2020లో "సైన్స్" పత్రికలో వచ్చిన ఒక పరిశోధన 51,665 మంది మెదడు చిత్రాలను చూసి, మెదడు పై పొర వైశాల్యం, మందం మీద ప్రభావం చూపే 199 జన్యు స్థానాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. ఆ మనుషుల్లో అత్యధికులు ఐరోపా మూలాలవారు. మన ప్రజలు ఆ లెక్కలో లేనట్లే. ఇక దీన్ని పట్టుకొని మన కులాలకు తెలివితేటలు పంచిపెట్టడం ఏం విజ్ఞానం?

జన్యువు చెప్పిందే చివరి మాటా?

కాదు. దీనికి మంచి రుజువు ఇద్దరు పిల్లల తల్లి పట్టుదల నుంచి వచ్చింది. నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే స్త్రీకి ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బుద్ధి ఎదగని పిల్లలే. వాళ్ల మూత్రానికి ఏదో వింత వాసన ఉందని ఆమె కనిపించిన డాక్టరునల్లా అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 1934లో అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టరు ఆమె మాట విని, మూత్రాన్ని పరీక్షించి, ఫినైల్ కీటోన్యూరియా అనే జబ్బును కనిపెట్టాడు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతులు అందితే వచ్చే జబ్బు. మాంసకృత్తుల్లో ఉండే ఒక పదార్థాన్ని శరీరం విరగ్గొట్టలేదు. అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. 1950లలో బ్రిటన్ డాక్టర్లు ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారం ఇచ్చి చూశారు. పుట్టిన కొద్ది రోజుల్లోనే ఆ ఆహారం మొదలుపెడితే బిడ్డ మెదడు మామూలుగా ఎదుగుతుంది. జన్యువు అదే. తిండి మారింది. మెదడు మారింది. రేగడిలో ఒక తీరున, చెల్కలో ఒక తీరున మొలిచే విత్తనం సంగతి మీకు చెప్పాలా?

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం. కొందరిలో ఇది జన్యువుల వల్ల, ఎక్కువమందిలో గ్రంథి సరిగా ఏర్పడకపోవడం వల్ల వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌తో సహా అయిదు నగరాల్లో లక్షకు పైగా నవజాత శిశువులను పరీక్షిస్తే, ప్రతి 1,130 మందిలో ఒకరికి ఈ లోపం కనిపించింది. పుట్టినప్పుడు ఆ బిడ్డలు మామూలుగానే ఉంటారు. నెలలు గడిచాక తెలిసేసరికి మెదడుకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. మడమ మీద ఒక్క సూదిపోటుతో తీసిన రక్తపు చుక్క చాలు దీన్ని పట్టుకోవడానికి. మందు చవకైన మాత్ర. రెండు వారాల్లోపు మొదలుపెడితే బిడ్డ అందరిలా ఎదుగుతుంది. కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షను చేపట్టింది. మన దగ్గర డబ్బున్నవాళ్లు ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకుంటారు. కూలికి పోయే తల్లి బిడ్డకు ఆ ఒక్క చుక్క పరీక్ష అందకపోతే, తరువాత వచ్చే మేధో వైకల్యానికి జన్యువుది ఎంత బాధ్యత, ప్రభుత్వానిది ఎంత బాధ్యత?

మొదటి 28 రోజుల గురించి చెప్పాను గదా. నాడీనాళం లోపాలను ఫోలిక్ ఆమ్లం చాలావరకు నివారిస్తుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చేసిన అధ్యయనం రుజువు చేసింది. గర్భం నిలిచాక మూడో నెలలో మాత్రలిస్తే ఆ గొట్టానికి ఉపయోగం లేదు. పెళ్లయిన పిల్లకు గర్భం రాకముందు నుంచే అందాలి. అయోడిన్ ఉప్పు, రక్తహీనత లేకుండా చూసుకోవడం, కాన్పు సమయంలో బిడ్డకు ఊపిరి అందడం, ఇవన్నీ మెదడును కట్టేవే. 2003లో చండీపుర వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకి 183 మందిని పొట్టన పెట్టుకుంది. ఉత్తర తెలంగాణ పల్లెలకు ఆ ఏడాది ఇంకా గుర్తుంటుంది. పిల్లల మెదడుకు వచ్చే ప్రతి కష్టానికీ జన్యువే కారణమనుకోవడం కూడా ప్రభుత్వాలకు అనుకూలమైన మాటే.

పరీక్షలు, చట్టాలు, మన జాగ్రత్తలు

జన్యు పరీక్షలు మనకు ఉపయోగమే. హైదరాబాద్‌లో నిమ్స్‌లో, సి.డి.ఎఫ్.డి.లో ఆ విభాగాలున్నాయి. అరుదైన జబ్బుల కోసం 2021లో వచ్చిన జాతీయ విధానం కింద ఆ రెండూ కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. పరీక్ష చేయిస్తే భార్యాభర్తలిద్దరికీ చేయించాలి. ఆమె ఒక్కదాన్ని పంపిస్తామంటే ఒప్పుకోకండి. ఫలితం కాగితం ఆమె చేతిలో కూడా ఉండాలి, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

గర్భస్థ పరీక్షల గురించి 1994లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని సవరించారు. క్రోమోజోముల లోపాలు, జన్యు సంబంధమైన జబ్బులు తెలుసుకోవడానికి పరీక్ష చేయవచ్చు, కాని లింగం చెప్పకూడదు. పరీక్షకు ముందు ఆ స్త్రీకి అన్నీ వివరించి, ఆమెకు తెలిసిన భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. వయసొచ్చిన స్త్రీ గర్భస్రావానికి భర్త సంతకం చట్టం అడగదు. వద్దని బలవంతం చేయడమూ, కనమని బలవంతం చేయడమూ రెండూ హింసే.

ఇక్కడ ఒక జాగ్రత్త. లోపాలను నివారించాలని మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇప్పటికే పుట్టి మన మధ్య ఉన్న వైకల్యంగల మనుషులు పుట్టకుండా ఉండాల్సిందన్నంత దూరం పోకూడదు. 1994లో మహారాష్ట్రలో ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న మేధో వైకల్యంగల ఆడపిల్లలకు, నెలసరి శుభ్రత పేరు చెప్పి పూణేలో గర్భసంచులు తీసేశారు. దేశమంతటా మహిళా సంఘాలు నిరసించాయి. మేధో వైకల్యంగల స్త్రీ అంగీకారం లేకుండా గర్భస్రావం చేయకూడదని 2009లో సుప్రీంకోర్టు సుచితా శ్రీవాస్తవ కేసులో చెప్పింది. స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా వైకల్యంగల వ్యక్తికి పిల్లలు పుట్టకుండా చేసే ఏ చికిత్సా చేయకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం స్పష్టంగా రాసింది. ఈ హక్కులు గెలుచుకున్నవి, వాటిని మనమే కాపాడుకోవాలి.

ఇక మీ దగ్గరకు వచ్చే కేసుల్లో వెంటనే పనికివచ్చే రెండు మాటలు. వైకల్యంగల బిడ్డను కనడం విడాకులకు ఏ చట్టంలోనూ కారణం కాదు. శారీరకంగా గాని మానసికంగా గాని వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు 18 ఏళ్లు దాటినా తండ్రి భరణం ఇవ్వాల్సిందే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 125వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్. చాలామంది తల్లులు బిడ్డకు పద్దెనిమిది నిండగానే తమ హక్కు పోయిందనుకుంటున్నారు. వాళ్లకు ఈ మాట చేరవేయండి.

చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వ ఆసుపత్రిలో మడమ రక్తం పరీక్ష జరగాలని అడుగుదాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మన ఊళ్ల పిల్లలకు పరీక్షలు జరుగుతున్నాయో లేదో అంగన్‌వాడీల్లో అడుగుదాం. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలకు తొలి మూడేళ్లలో ఇచ్చే శిక్షణ మెదడుకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. సికింద్రాబాద్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. కాని ములుగు నుంచో భూపాలపల్లి నుంచో బిడ్డను ఎత్తుకొని ఒక తల్లి వారం వారం అక్కడికి పోగలదా? జిల్లాల్లో, మండలాల్లో ఆ సేవ దొరకాలి. తల్లి ఒక్కతే మోసే భారాన్ని తండ్రి మోయాలి, సమాజం మోయాలి, ప్రభుత్వం మోయాలి.

రేపు మీరు కూర్చునే పంచాయితీలో ఎవరైనా "ఇది దాని కడుపున పుట్టిన రోగం" అంటే, మీ సంచిలోంచి రెండు రూపాయి బిళ్లలు తీయండి. ఒకటి ఆ భర్త చేతిలో పెట్టండి.